తొలకరి నత్రజనిని చూపే నైట్రేట్ స్ట్రిప్పులు: మెట్ట పొలంలో ఎంతవరకు పనికొస్తాయి?

నీటిలో నైట్రేట్ (పైరు తీసుకునే నత్రజని రూపాల్లో ఒకటి) ఎంత ఉందో రంగు మార్పుతో చూపే టెస్ట్ స్ట్రిప్పులు ఆక్వేరియం దుకాణాల్లోనూ, ప్రయోగశాల సామగ్రి అమ్మే షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. భీమవరం, ఆకివీడు ప్రాంతాల చెరువుల రైతులకు ఇటువంటి పరీక్షలు కొత్తవి కావు. అవే స్ట్రిప్పులను అనంతపురం జిల్లాలో, బోరు తడి అందని ఎర్రనేల పొలంలో, మట్టిలోని నత్రజనిని చూడడానికి వాడిన అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. మార్కెట్లో ఉన్న నైట్రేట్ స్ట్రిప్పులు దాదాపు అన్నీ ఒకే రసాయన చర్య మీద పనిచేస్తాయి కనుక, ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఏ డబ్బాకైనా వర్తిస్తాయి.

తీర్పు ముందే చెబుతాను. ఎండడం, తడవడం, మళ్లీ ఎండడం అనే చక్రంలో తిరిగే మెట్ట నేలలో నత్రజని ఎప్పుడు పైకి లేస్తుందో, ఎప్పుడు చేజారుతుందో తెలుసుకోవడానికి ఇంత చవకగా దొరికే సాధనం మరొకటి నాకు కనిపించలేదు. నేలలో మొత్తం నత్రజని ఎంత ఉందో తెలుసుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. ఈ రెండు ప్రశ్నలకు ఉన్న తేడా తెలియకుండా కొన్నవారు నెల తిరగకముందే డబ్బాను మూలన పడేస్తారు. అందుచేత వస్తువు సంగతికి వెళ్లే ముందు నేల సంగతి కొంత చెప్పవలసి ఉంది.

అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో సగానికి పైగా నైరుతి రుతుపవనాలదే అయినా, ఆ వాన వరుసగా పడదు. మే నెలాఖరులోనో రోహిణి కార్తెలోనో ఒక జల్లు, మృగశిరలో మరొకటి, ఆ తర్వాత రెండు మూడు వారాల గాలి, మళ్లీ ఒక వాన. వేరుశనగ విత్తే అసలు పదును చాలా ఏళ్లలో జూలైలోగాని రాదు. అంటే విత్తనం పడకముందే నేల పైపొర కొన్నిసార్లు తడిసి, కొన్నిసార్లు ఎండిపోయి ఉంటుంది. నత్రజని కథ చాలావరకు ఈ ఖాళీ వారాల్లోనే నడుస్తుంది.

పంట నూర్చిన తర్వాత వేసవి అంతా నేల చచ్చిపడి ఉన్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అలా ఉండదు. వేళ్లు నీరు పీల్చుకోలేనంతగా మట్టి ఎండిన తర్వాత కూడా కొన్ని సూక్ష్మజీవులూ, అవి విడిచిన ఎంజైములూ మట్టి కణాల మధ్య మిగిలిన పలుచటి నీటి పొరల్లో మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి. అలా సేంద్రియ పదార్థం నుంచి విడుదలయ్యే అమ్మోనియం (నత్రజనికి మరో రూపం) తీసుకోవడానికి పొలంలో పైరు ఉండదు. దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా బెట్టకు తట్టుకోవడంలో మిగతావాటికంటే బలహీనం, పైగా నీటి పొరలు తెగిపోవడంతో వాటికి అమ్మోనియం అందదు. అందువల్ల వేసవిలో నేలలో అమ్మోనియం కొద్దికొద్దిగా పేరుకుంటుంది. మరోవైపు ఎండకు లెక్కలేనన్ని సూక్ష్మజీవులు చనిపోయి, వాటి శరీరాల్లోని నత్రజని అక్కడే మిగిలిపోతుంది.

ఇటువంటి నేల మీద తొలకరి పడగానే, కొద్ది నిమిషాల్లోనే, బతికున్న కణాలు పెద్ద ఒత్తిడికి లోనవుతాయి. ఎండకు తట్టుకోవడానికి లోపల చిక్కగా దాచుకున్న ద్రవంలోకి నీరు ఒక్కసారిగా చొరబడితే, కణం ఆ దాచుకున్నదాన్ని బయటికి వదలాలి, లేదా పగిలిపోవాలి. మట్టి గడ్డలు నీటికి విచ్చుకుని, వాటి లోపల ఇన్నాళ్లూ ఎవరికీ అందని సేంద్రియ పదార్థం బయటపడుతుంది. మిగిలిన సూక్ష్మజీవులు ఈ తిండి మీద పడతాయి. కొన్ని గంటల్లోనే నేల నుంచి బొగ్గుపులుసు వాయువు ఉప్పెనలా వెలువడుతుంది. దాని వెంట అమ్మోనియం పెరుగుతుంది. నైట్రేట్ తయారుచేసే బ్యాక్టీరియా కోలుకున్నాక, కొద్ది రోజులకు, నైట్రేట్ పెరుగుతుంది. తూర్పు ఆఫ్రికాలో, కెన్యా నేలల మీద పనిచేసిన హెచ్. ఎఫ్. బర్చ్ 1958లో దీన్ని పద్ధతిగా వివరించాడు. అందుకే శాస్త్రజ్ఞులు నేటికీ దీన్ని బర్చ్ ప్రభావం అంటారు. నేలను ఎప్పుడూ తడిగా ఉంచినప్పటికంటే, ఎండబెట్టి తడిపినప్పుడు ఎక్కువ నత్రజని విడుదలవుతుందనీ, ఎండిన కాలం ఎంత ఎక్కువైతే ఆ పొంగు అంత పెద్దదనీ, అదే మట్టిని మళ్లీమళ్లీ ఎండబెట్టి తడుపుతుంటే పొంగు క్రమంగా తగ్గుతుందనీ ఆయన పరిశీలనల సారం.

తొలకరికి మొలిచిన పైరు నల్లగా లేవడం మన పెద్దలు ఎప్పటినుంచో చూస్తున్నదే. తొలి వాన నీటిలోనే సత్తువ ఉందని వారు చెప్పుకునేవారు. ఉరుములూ మెరుపులూ గాలిలోని నత్రజనిని కొంత నేలకు దించే మాట నిజమే గాని, వాన మోసుకొచ్చేది కొద్దిపాటి. సత్తువలో ఎక్కువ భాగం నేలలోనిదే, వాన దాన్ని లేపుతుంది.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. స్ట్రిప్ అంటే ప్లాస్టిక్ పట్టీ చివర అతికించిన చిన్న కాగితపు చతురస్రం. దాని మీద ఉన్న రసాయనం ద్రావణంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, నైట్రైట్‌తో గులాబీ నుంచి ఊదా దాకా రంగు పుట్టిస్తుంది. ఒక సెకను ముంచి, నీటి బొట్టు విదిలించి, ఒక నిమిషం ఆగి, డబ్బా మీద ముద్రించిన రంగుల వరుసతో పోల్చాలి. మంచి రకాల మీద ఆ వరుస 0, 10, 25, 50, 100 అంటూ 500 దాకా ఉంటుంది. ఇవి లీటరుకు మిల్లీగ్రాముల నైట్రేట్. కొన్నింటిలో రెండో చతురస్రం కూడా ఉంటుంది. అది నైట్రైట్ ఒక్కదాన్నే చూపుతుంది. అది కూడా రంగెక్కితే మొదటిదాన్ని నమ్మకూడదని అర్థం. కొనేవారు రెండు చతురస్రాలవే కొనాలని నా సలహా. ఆక్వేరియం రకాల్లో ఒకే పట్టీ మీద అయిదారు పరీక్షలు ఉంటాయి. వాటిలో నైట్రేట్ రంగుల మెట్లు మరీ దూరంగా ఉండడం వల్ల మన పనికి అంతగా ఉపయోగపడవు.

మట్టిని నేరుగా పరీక్షించడం కుదరదు కనుక ద్రావణం చేసుకోవాలి. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో లెట్యూస్ అనే ఆకుకూర పండించే రైతుల కోసం అక్కడి విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం వాడుకలోకి తెచ్చిన పద్ధతినే నేను అనుసరించాను. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటిన్నర గ్రాము కాల్షియం క్లోరైడ్ కరిగించి, గీతలున్న గొట్టంలో 30 మిల్లీలీటర్ల మట్టానికి పోసి, 40 గీత వచ్చేదాకా జల్లించిన మట్టి వేసి, గడ్డలు కరిగేదాకా కుదిపి, తేరుకోనివ్వాలి. పైకి తేలిన తేట నీటిలో స్ట్రిప్ ముంచాలి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది. బోరు నీరు మాత్రం వాడకూడదు. ఈ ప్రాంతపు బోర్లలో చాలాచోట్ల నైట్రేట్ ఉంటుంది. ఒకసారి మా బోరు నీటిలోనే స్ట్రిప్ ముంచి చూస్తే మట్టి వేయకుండానే గులాబీ రంగు వచ్చింది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశపు ప్రమాణం. పొలం కోసం కొన్న డబ్బా ఇంటి బిందె గురించి కూడా ఒక మాట చెప్పింది.

అసలు చిక్కు ఎర్రమట్టితో వస్తుంది. డబ్బాతో పాటు ఇచ్చే కాగితంలో ఎక్కడా రాయని విషయం ఇది. మన ఎర్రనేలలకు ఆ రంగు ఇనుప ఆక్సైడ్ల వల్ల వస్తుంది. వట్టి నీటిలో కలిపిన మట్టి గంటల తరబడి తేరుకోక, ఇటుక రంగు నీరుగా నిలిచిపోతుంది. ఆ నీటిలో ముంచిన కాగితం మీద ఎర్రటి పూత అంటుకుని, లేత గులాబీ ఎక్కడ ముగిసిందో మట్టి మరక ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. కాల్షియం క్లోరైడ్ వేసినది ఇందుకే. కాల్షియం బంక కణాలను దగ్గరకు చేర్చి ముద్దలుగా కిందికి దించుతుంది, పావుగంటలో పై అంగుళం తేటపడుతుంది. ఖర్చు తగ్గుతుందని దీన్ని మానేసి వట్టి నీటితో పరీక్ష చేసేవారు ఎర్రనేలల్లో స్ట్రిప్ చూపినదాన్ని నమ్మడానికి లేదు. అప్పటికీ మురికిగా ఉంటే, కాఫీ వడపోసే కాగితాన్ని గరాటులా మడిచి ఆ నీటిలోకి దించితే, దాని లోపలికి ఊరి వచ్చే నీరు తేటగా ఉంటుంది.

రంగు చదవడంలో మరో ఇబ్బంది వెలుతురు. మధ్యాహ్నపు ఎండలో 10కీ 25కీ తేడా తెలియదు. చెట్టు నీడలో తెలుస్తుంది. ఇద్దరు చదివితే ఇద్దరు రెండు అంకెలు చెప్పడం మామూలే. అందుచేత ఒక పొలాన్ని ఎప్పుడూ ఒకరే చదవడం మంచిది. అంకె కంటే, కిందటి వారానికీ ఈ వారానికీ రంగు ముదిరిందా, వెలిసిందా అన్నదే ఈ వస్తువు నుంచి నమ్మకంగా దొరికే సమాచారం.

స్ట్రిప్ చూపిన అంకె లీటరుకు నైట్రేట్. దాన్ని మట్టిలోని నత్రజనిగా మార్చుకోవడానికి తడి గరప మట్టికైతే 2తోనూ, ఇసుక పాలు ఎక్కువైతే 2.3తోనూ భాగించాలని పై పద్ధతి చెబుతుంది. మట్టి ఎండినదైతే ఆ సంఖ్య ఇంకొంచెం పెరుగుతుంది. ఉదాహరణకు మన ఇసుక గరప మట్టిలో స్ట్రిప్ 25 చూపిందనుకుందాం. 2.3తో భాగిస్తే సుమారు 11 పీపీఎం (పది లక్షల వంతుల మట్టిలో 11 వంతులు) నైట్రేట్ నత్రజని. పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిలో ఒక పీపీఎం అంటే ఎకరాకు దాదాపు 0.9 కిలో. అంటే ఎకరాకు పది కిలోల చుట్టూ నత్రజని, పంట వెంటనే తీసుకోగల రూపంలో, ఇప్పుడు నేలలో ఉందన్నమాట. వర్షాధార వేరుశనగకు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే 18 కిలోల యూరియా. లేత గులాబీగా కనిపించే ఒక రంగు మెట్టు విలువ మొత్తం సిఫారసుకు సమానమని తెలిసినప్పుడు ఈ పట్టీల మీద గౌరవం పెరుగుతుంది.

అయితే ఈ లెక్కలో గులకరాళ్ల సంగతి మరిచిపోకూడదు. మన నేలల్లో రాళ్ల పాలు ఎక్కువ. పరీక్షకు వేసేది జల్లించిన మెత్తటి మట్టి. తూకంలో మూడో వంతు రాయి ఉన్న చోట పైన చెప్పిన పది కిలోల్లో మూడో వంతు తగ్గించుకోవాలి. సాలినాస్ పద్ధతిలో ఈ మాట పెద్దగా కనిపించదు. అక్కడివి నీటి వసతి ఉన్న లోతైన ఒండ్రు నేలలు. అలాగే మట్టిలో 20 పీపీఎం నైట్రేట్ నత్రజని ఉంటే ఆ విడతకు ఎరువు వేయనక్కర్లేదని అక్కడ పెట్టుకున్న గీత, తడి మన చేతిలో ఉన్న లెట్యూస్ పంటకు సంబంధించినది. దాన్ని తెచ్చి వర్షాధార పొలానికి పెట్టడం సరికాదు.

ఒక సీజన్ పొడవునా పరీక్షిస్తూ పోతే కనిపించే క్రమం ఇలా ఉంది. మే నెలలో, వాన పడకముందు, పైపొర మట్టికి రంగు చాలా లేత. ఇది చూసి నేలలో ఏమీ లేదనుకోవడం పొరపాటు. అప్పుడు నత్రజని ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాన్ని ఈ స్ట్రిప్ చూడలేదు. తొలి జల్లు పడిన మర్నాడు కూడా పెద్ద తేడా ఉండదు. వారం తిరిగేసరికి, నేలలో ఇంకా చెమ్మ నిలిచి ఉంటే, రంగు స్పష్టంగా ముదురుతుంది. చెమ్మ మూడు నాలుగు రోజుల్లోనే ఆరిపోయిన చోట అంతగా ముదరదు. అక్కడ నైట్రేట్ తయారీ మధ్యలో ఆగిపోయిందని అనుకోవాలి. అయిదారు మిల్లీమీటర్ల జల్లులతో వచ్చే నష్టం ఇదే. పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల మట్టిని లేపడానికి అవి సరిపోతాయి, విత్తడానికి సరిపోవు. లేచిన నత్రజనిలో కొంత నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులుగా గాలిలో కలుస్తుంది. కాలిఫోర్నియాలో, వేసవి అంతా ఎండి ఉండే గడ్డి భూముల్లో, తొలి వానల తర్వాత నైట్రిక్ ఆక్సైడ్ ఇలా ఎగసిపోవడాన్ని కొలిచారు. పైరు లేని సమయంలో వచ్చిన నత్రజనికి పీల్చుకునే వేరు దొరకదు కనుక పోయేది ఎక్కువగా ఉంటుంది.

తర్వాత గట్టి వాన పడితే ఇంకో దృశ్యం. జానెడు లోతుకు మించి తడిసిన వాన తర్వాత, పై 15 సెంటీమీటర్ల మట్టి రంగు వెలిసి, దాని కింది 15 సెంటీమీటర్ల మట్టి రంగు ముదిరి కనిపిస్తుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచదు, నీటి వెంట దిగిపోతుంది. రెండు లోతుల మట్టినీ పక్కపక్కన పెట్టి, రెండు స్ట్రిప్పులను ఒకేసారి ముంచి చూసిన వారికి, నత్రజని కిందికి దిగడం అనే మాట కళ్లెదుట నిరూపణ అవుతుంది. మా పొలంలో నాకు అన్నింటికంటే ఎక్కువ విలువైనదిగా తోచిన పరీక్ష ఇదే. పై స్ట్రిప్ దాదాపు తెల్లగా ఉంది, కింది స్ట్రిప్ గులాబీ దాటి ఊదా వైపు మళ్లింది. గుంటక తోలి, గొర్రు వేసి, అప్పుడే మొలక పైకి వచ్చిన కొర్ర పైరు వేళ్లు ఆ లోతుకు చేరడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. అంతలో మరో పెద్ద వాన వస్తే ఆ నైట్రేట్ వేళ్లకు అందకుండా ఇంకా కిందికి, చివరికి బోరు నీటిలోకి పోతుంది. బెట్ట వస్తే అక్కడే నిలిచి, వేరు కోసం ఎదురుచూస్తుంది.

ఈ సమాచారంతో రైతు ఏం చేయగలడు? కొంత చేయగలడు. రంగు ముదిరిన వారంలో పదును దొరికితే కొర్ర, జొన్న వంటి పంటలను ఆలస్యం చేయకుండా విత్తడం, పై ఎరువు యూరియాను ఆ పొంగు తగ్గేదాకా ఆపడం. వేరుశనగ విషయంలో లెక్క వేరు. అది తన వేరు బుడిపెల్లో నత్రజని తానే తయారుచేసుకునే పంట, నేలలో నైట్రేట్ ఎక్కువైతే ఆ బుడిపెలు కట్టడం మందగిస్తుంది. తొలకరి పొంగు గట్టిగా ఉన్న ఏడాది దుక్కిలో సిఫారసుకు మించి యూరియా వేయడం డబ్బు దండగ మాత్రమే కాదు, పంటకు ఎదురు పని కూడా. మరో దారి, రుతుపవనానికి ముందే నవధాన్యాలు చల్లి ఆ తొలి నత్రజనిని పచ్చి ఆకులో పట్టి ఉంచడం. ప్రకృతి వ్యవసాయం చేసేవారు చెప్పే ఈ పద్ధతి వెనుక ఉన్న తర్కం, ఎవరు ఏ కారణంతో చెప్పినా, ఈ స్ట్రిప్పులతో చూస్తే నాకు సబబుగానే అనిపించింది. ఏమీ విత్తకపోతే ఆ పని తుంగ, గరికలే చేస్తాయి.

ఇక్కడ భూసార పరీక్షా ఫలితాలతో పోలిక తప్పదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో నత్రజనితో కలిపి 12 అంశాలు ఉంటాయి. మెట్ట భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా తీయాలన్నది దాని పద్ధతి. అందులో నత్రజని హెక్టారుకు 280 కిలోలకు లోపు ఉంటే తక్కువ, 560 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని రాస్తారు. మన ఎర్రనేలల్లో కార్డు ఎవరిది చూసినా దాదాపు అందరికీ ‘తక్కువ’ అనే ఉంటుంది. ఆ అంకెను మట్టిని క్షార పర్మాంగనేట్‌తో మరిగించి, వెలువడే అమ్మోనియాను పట్టి కొలుస్తారు, లేదా సేంద్రియ కర్బనం నుంచి లెక్కగట్టేస్తారు. నేలలోని నైట్రేట్ ఆ పద్ధతిలో లెక్కకు రాదు. నేల సీజన్ మొత్తంలో ఎంత ఇవ్వగలదన్న అంచనా అది. ఈ రోజు పైరుకు ఏం అందుబాటులో ఉందన్నది స్ట్రిప్ చెబుతుంది. షుగర్ ఉన్నవారు ఇంట్లో వేలికొనతో చేసుకునే పరీక్షకూ, ల్యాబులో చేయించే మూడు నెలల సగటు పరీక్షకూ ఉన్న తేడా లాంటిదే ఇది. ఒకటి చేయించామని రెండోది మానేయడానికి లేదు.

ల్యాబుకు పంపే వారికి ఇంకొక మాట. నమూనా మట్టిని నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి పంపమంటారు. భాస్వరం, పొటాష్ వంటి వాటికి దానివల్ల నష్టం లేదు. నైట్రేట్, అమ్మోనియం కొలవమని ప్రత్యేకంగా అడిగినప్పుడు మాత్రం అది తప్పు దారి. ఆరబెట్టడం, ఆ తర్వాత ల్యాబులో ద్రావణం పోయడం అంటే, బర్చ్ చూపిన పొంగును సంచిలోనే పుట్టించడం. అటువంటి పరీక్షకు తడి మట్టిని మంచుపెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి. ఒక ప్రైవేటు ల్యాబుకు ఈ విషయం ముందే చెప్పి మట్టి పంపినా, వారు మామూలు వరుసలో ఆరబెట్టే కొలిచారు. ఆ కాగితంలోని అంకె ఎండిన మట్టిది, పొలంలోని మట్టిది కాదు. పొలం గట్టు మీదే పరీక్ష ముగియడం స్ట్రిప్‌కు ఉన్న పెద్ద సౌకర్యం. ఎండబెట్టే అవకాశమే ఉండదు.

ఇక లోపాలు. అన్నింటికంటే పెద్దది, పైన చెప్పినట్టు, అమ్మోనియం కనిపించకపోవడం. అందువల్ల వేసవిలో గొర్రెల మంద కట్టిన పొలంలోనూ, యూరియా చల్లిన వెంటనేనూ స్ట్రిప్ చదివి నత్రజని లేదనుకునే ప్రమాదం ఉంది. మూత్రంలోని, యూరియాలోని నత్రజని ముందు అమ్మోనియంగానే మారుతుంది. వేప పూత యూరియాలో అమ్మోనియం నైట్రేట్‌గా మారడం ఇంకొంత ఆలస్యమవుతుంది. వరి మడిలో ఈ పరీక్ష అసలు చేయకూడదు. నీరు నిలిచిన చోట పైరుకు అందేది అమ్మోనియం. ఎండు కాలంలో పేరుకున్న నైట్రేట్ దమ్ము చేయగానే ఆమ్లజని లేని బురదలో వాయువుగా మారిపోతుంది. తాడిపత్రి, నంద్యాల వైపు నల్లరేగడిలో పరీక్ష పనిచేస్తుంది గాని, బంక ఎక్కువ కనుక మట్టి గడ్డలు కరగడానికీ నీరు తేరుకోవడానికీ చాలాసేపు పడుతుంది. భాగించే సంఖ్య కూడా 1.7కి తగ్గుతుంది. క్షార గుణం ఎక్కువ ఉన్న రేగడిలో పైన చల్లిన యూరియా నుంచి అమ్మోనియా ఎగిరిపోవడం ముఖ్యమైన నష్టం. దాని గురించి కూడా స్ట్రిప్ ఏమీ చెప్పదు.

రెండో లోపం నిల్వ. వేడీ చెమ్మా తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి. ముప్పై డిగ్రీల లోపు ఉంచమని డబ్బా మీద రాసి ఉంటుంది. అనంతపురం వేసవిలో ఆ మాట ఫ్రిజ్ ఉన్న ఇంటికే వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక డబ్బా మే ఎండలో కొరియర్ బండిలో తిరిగి తిరిగి చేరింది. మూత తీసేసరికే కాగితాలు పసుపు తిరిగి ఉన్నాయి, అమ్మినవారు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. చేతికి వచ్చిన డబ్బా బాగుందో లేదో చూసుకోవడానికి సులువైన దారి ఎరువుల దుకాణంలోనే ఉంది. పైరు మీద పిచికారీకి అమ్మే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, ఒక గ్రాము లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఆ నీటిలో ఒక వంతుకు పదకొండు వంతుల మంచి నీరు కలిపితే, స్ట్రిప్ 50 దగ్గర చూపాలి. వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే రంగు మారకూడదు. ఈ రెండూ సరిపోతేనే పొలానికి తీసుకెళ్లాలి. గ్రాము తూచడానికి బంగారం కొట్టు తక్కెడ చాలు.

ధర విషయానికి వస్తే, మంచి రకం నూరు స్ట్రిప్పుల డబ్బా రెండు మూడు వేల రూపాయల మధ్య పడుతోంది. ఒక్క రైతుకు అన్ని అవసరం లేదు. మూత తీసిన తర్వాత చెమ్మ సోకకుండా ఏళ్ల తరబడి దాచడమూ కష్టమే. స్ట్రిప్పులను నిలువుగా చీల్చి రెండుగా వాడే పొదుపు కొందరు చేస్తున్నారు గాని, చీల్చిన అంచు నుంచి రసాయనం కారి రంగు ఒకే తీరుగా రాదు, నేను సిఫారసు చేయను. నలుగురైదుగురు కలిసి ఒక డబ్బా కొని, తొలి జల్లుకు ముందూ, ఆ తర్వాత వారానికీ, విత్తే పదునుకూ, మొదటి బెట్ట తర్వాతి వానకూ, రెండు లోతుల్లో చూసుకోవడానికి ఒక సీజన్‌కు ఆ డబ్బా చాలు, ఒక్కొక్కరికీ పడే ఖర్చు రెండు మూడు యూరియా బస్తాల ధరను మించదు. బోరు కింద వరి, చెరకు వేసేవారూ, పొలంలో మొత్తం నత్రజని ఎంతో ఒకే అంకెలో తెలియాలనుకునేవారూ దీన్ని కొననవసరం లేదు. కొర్ర, జొన్న, ఆముదం, కందితో కలిపిన వేరుశనగ వేసే మెట్ట రైతులూ, వ్యవసాయ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులూ కొనవచ్చు. కొనేటప్పుడు డబ్బా అడుగున ఉన్న గడువు తేదీ కనీసం వచ్చే ఏడాది మృగశిర దాటి ఉండేలా చూసుకోవాలి, వేసవిలో కాకుండా జనవరిలోనే తెప్పించుకోవాలి.